కాలువకు అటూ ఇటూ ఏడు మాటలు

గుడ్ ఫ్రైడే నాడు మా ఊరి చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. మధ్య మధ్యలో కీర్తనలు పాడతారు. ఇంతవరకూ అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. మా ఊరి విశేషం ఏమిటంటే, ఆ ఏడు మాటలూ ఏడుగురు మనుషుల సొత్తు. ఒకసారి మాట ఒకరి చేతికి వచ్చిందంటే బతికున్నంతకాలం ఆ మనిషిదే. గొంతు పోయినా, మతిమరుపు వచ్చినా, ఏటేటా చెప్పిందే చెప్పినా ఇంకొకరు ఆ మాట ముట్టుకోరు. పొలం గట్టు కాస్త జరిపితే సర్దుకుపోతారేమో గాని, మాట జరిపితే మావాళ్ళు ఊరుకోరు.

మా ఇంట్లో రెండు మాటలు ఉండేవి. మా నాన్న ఆ చర్చికి ఉపదేశి. అయ్యగారు, అంటే పాస్టరుగారు, వేరే ఊరు వెళ్ళిన ఆదివారాల్లో ఆరాధన నడిపించేది ఆయనే. నాలుగో మాట నాన్నది. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట మా అమ్మది. మాట ఉన్న ఆడమనిషి అప్పట్లో మా అమ్మ ఒక్కతే. అమ్మ పోయాక మూడో మాట అక్కకి వచ్చింది. నాన్న పోతూ నాలుగోది నాకు ఇచ్చారు.

నాలుగో మాట అంటే, నన్నెందుకు విడిచిపెట్టావని ప్రభువు తండ్రిని అడిగిన మాట. మంచం మీద ఉండి నాన్న నాకు చెప్పింది ఒకటే. "జవాబు చెప్పాలని చూడకమ్మా. ఆ పూట ఆయనకే రాలేదు, నీకెక్కణ్ణుంచి వస్తుంది? అడిగి కూర్చో." నేను ఆ మాట వినలేదు. నేను హైస్కూల్లో లెక్కల టీచరుని. ప్రశ్న ఇచ్చి జవాబు రాయకుండా వదిలేయడం నా వల్ల అయ్యే పని కాదు. శ్రమకాలం, అంటే ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజులు, మొదలైన దగ్గర్నుంచీ కూర్చుని పేజీలకు పేజీలు జవాబు రాసుకునేదాన్ని.

అక్క కాగితం ముట్టేది కాదు. పదో తరగతితో చదువు ఆపేసి, ఊళ్ళోనే మేనత్త కొడుకుని చేసుకుంది. కోపమొచ్చినా నవ్వొచ్చినా ఒకే గొంతుతో మాట్లాడే మనిషి. నాకేమో ముక్కు మీద కోపం. స్కూల్లో పిల్లలు నా వెనకాల అలాగే అనుకునేవారు, నాకు వినపడేలాగే. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళంతా పోయారు కాబట్టి ఇప్పుడు చెప్పాల్సిన అవసరమూ లేదు.

మూడో మాటకూ నాలుగో మాటకూ మధ్య మా చర్చిలో కీర్తన పాడరు. లోకం చీకటైన వేళ అది, అప్పుడు పాటేమిటని నాన్న పెట్టిన పద్ధతి. అందుకని అక్క తన మాట ముగించి, "ఇప్పుడు నాలుగో మాట మా చెల్లి చెబుతుంది" అని, మైకు తిన్నగా నా చేతికే ఇచ్చేది. ఏప్రిల్ ఎండ, పెంకుల కప్పు, జనం ఊపిరి. మైకు అక్క చేతి చెమటతో తడిసి ఉండేది. నేను కొంగుతో తుడుచుకుని మొదలుపెట్టేదాన్ని.

"ఏమే, అందరిముందూ తుడుస్తావు! నా చెయ్యంటే నీకంత అసహ్యమా?" అనేది ఇంటికొచ్చాక.

"కాగితాలు తడుస్తాయే బాబూ."

"తడిస్తే తడుస్తాయి. అవి ఎవరికీ అర్థం కావడం లేదులే."

ఇలా ఏళ్ళు గడిచాయి. ఇలాగే గడుస్తాయనుకున్నాను.

*

అప్పుడున్న అయ్యగారికి బదిలీ వచ్చింది. ఆయన్ని పంపడానికి వీల్లేదని ఊళ్ళో సగం మంది. పై నుంచి వచ్చిన ఉత్తర్వు కాదంటే సంఘం ఎందుకని మిగతా సగం. మొదట చర్చి లోపల అరుచుకున్నారు. తర్వాత బయట అరుచుకున్నారు. చివరకి వాన పడుతుంటే గొడుగులు పట్టుకుని మరీ అరుచుకున్నారు. అయ్యగారు కావాలన్నవాళ్ళు ఆయన్ని తీసుకుని కాలువ దాటారు. అవతలి ఒడ్డున కొబ్బరితోటలో రేకుల షెడ్డు వేసుకుని, దాన్నే చర్చి అన్నారు. ఇవతల పాత చర్చి, అవతల కొత్త చర్చి, మధ్యలో కాలువ, దాని మీద ఇద్దరు పక్కపక్కన నడవడానికి చాలని కాలిబాట వంతెన. ఊరు రెండయింది. కలిసినప్పుడు ఇవతలివాళ్ళం ఎప్పట్లాగే "వందనాలండీ" అంటాం. అవతలివాళ్ళు "ప్రైజ్ ద లార్డ్" అనడం మొదలుపెట్టారు. ఎవరు ఎటో నోరు తెరిస్తే తెలిసిపోయేది.

బావ అవతలివాళ్ళలో ముందున్నాడు. ఆయనతో అక్క వెళ్ళింది. నీకేమనిపిస్తోందని అక్కని నేను అడగలేదు, నన్ను అక్కా అడగలేదు. మా ఇల్లు పాత చర్చి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. వాళ్ళు విడిగా కూడిన మొదటి ఆదివారం పొద్దున్న నేను వాకిలి ఊడుస్తున్నాను. అక్క బైబిలు సంచి భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నుంచే వంతెన వైపు వెళ్ళింది. ఒక్క క్షణం ఆగింది. నేను చీపురు దులుపుతూ అటు తిరిగాను. నాన్న సమాధి ఉన్న ఒడ్డుని వదిలి రేకుల కిందకి పోతోందని నా కోపం. కట్టుకున్నవాణ్ణి వదిలి ఎక్కడికి రమ్మంటావని ఆమె కోపం అయుంటుంది. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎప్పుడూ అక్క ఇంట్లోనే ఉండేది నాకు. ఇప్పుడు చర్చి నుంచి వచ్చి, చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తినేదాన్ని. ఒక్కదానికి కూర వండితే రెండు రోజులు వస్తుంది. రెండో రోజుకి దాని మొహం చూడబుద్ధి కాదు. ఫోన్ మోగితే బీమా కంపెనీవాళ్ళు. ఒంటరిగా ఉండేదా అంటే, ఉండేది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు అని ఎప్పుడూ దిగులు పడని దాన్ని, అక్క మాట్లాడకపోయేసరికి దిక్కులేనిదాన్ననిపించింది.

చీలిక తర్వాత వచ్చిన మొదటి గుడ్ ఫ్రైడే నాకు బాగా గుర్తు. ఏడు మాటలూ కాలువకు అటు మూడు, ఇటు నాలుగు అయిపోయాయి. మొదటిది, రెండోది, నాలుగోది, ఏడోది మా వైపు మిగిలాయి. మూడు, ఐదు, ఆరు అవతలకి వెళ్ళాయి. మనిషి బతికుండగా ఆ మాట ఇంకొకరికి ఇవ్వకూడదు కదా, అందుకని మా కొత్త అయ్యగారు ఖాళీగా ఉన్న మాటలకి బైబిలు చదివి ప్రార్థన చేసి సరిపెట్టారు. అవతల కూడా అంతేనట. పైగా రెండు చర్చిల మీదా మైకు బాకాలు. ఎవరి గొంతు గట్టిదో తేల్చుకోవాలన్నట్టు రెండూ ఒకేసారి మోగాయి. నేను నాలుగో మాటకి లేచేసరికి అవతలి అయ్యగారు పెద్ద గొంతుతో ప్రార్థన అందుకున్నారు. నా మాట నాకే వినపడలేదు. మూడో పేజీ మధ్యలో కాగితాలు మడిచి కూర్చున్నాను. మైకు అయ్యగారి చేతి నుంచి తీసుకున్నాను ఆ రోజు. పొడిగా ఉంది. తుడవబోయి ఆగిపోయాను.

*

ఆ మరుసటి ఏడు కాలం అసలే బాగాలేదు. ఎక్కడో ప్రార్థన ఆపించారని, ఎక్కడో పాస్టరుని కొట్టారని ఫోన్లలో వీడియోలు తిరిగేవి. ఏది నిజమో ఏది కాదో తెలిసేది కాదు గాని, భయం మాత్రం నిజంగానే ఉండేది. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళవాళ్ళు కూడా మాతో ఆచితూచి మాట్లాడేవారు. అలాంటి సమయంలో మా మైకుల మీద పోలీస్ స్టేషనులో ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. ఎవరు ఇచ్చారో ఇప్పటికీ తెలియదు. తమాషా ఏమిటంటే, మావాళ్ళు ముందుగా అనుమానించింది కాలువ అవతలివాళ్ళని. వాళ్ళు అనుమానించింది మమ్మల్ని. బయటివాళ్ళ దాకా ఎవరి ఆలోచనా పోలేదు.

ఎస్సైగారు రెండు వైపులవాళ్ళనీ పిలిపించారు. దరఖాస్తు తప్పుల్లేకుండా రాస్తానని మావాళ్ళు నన్నూ తీసుకెళ్ళారు. బల్లకి ఒక పక్క మేము, ఒక పక్క వాళ్ళు. బావ ఎదురుగానే ఉన్నాడు, గోడ మీది ఫ్యాన్ వంక చూస్తున్నాడు.

"రెండు మైకులూ ఒకేసారి మోగాయంటే రెండూ తీయించేస్తానండి," అన్నారు ఎస్సైగారు. "వంతులేసుకోండి. ఒకళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు వినండి. అంతకన్నా నేను చెప్పేదేం లేదు."

ఒప్పుకోక ఏం చేస్తాం? పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా మా వంతు, అక్కణ్ణుంచి మూడు దాకా వాళ్ళ వంతు అని తేలింది. బయటికొచ్చి మావాళ్ళు ఒక ఆటో ఎక్కారు, వాళ్ళు ఇంకో ఆటో ఎక్కారు.

మా ఊళ్ళో మైకు సెట్టు ఉన్నది ఒక్కడికే. వాళ్ళది గోదావరిలో వేటకెళ్ళే కుటుంబం. ఇతను వేట మానేసి మైకుల వ్యాపారం పెట్టాడు. అమ్మవారి జాతరకైనా, మా క్రిస్మస్‌కైనా, పెళ్ళికైనా, చావుకైనా అతనే కట్టాలి. నా దగ్గర చదువుకున్నవాడే, లెక్కల్లో ఎప్పుడూ గట్టెక్కేవాడు కాదు. ఆ గుడ్ ఫ్రైడే పొద్దున్న నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి వంతెన రెయిలింగు వెంబడి వైరు చుడుతూ కనిపించాడు. ఇవతలి నుంచి అవతలికి ఒకటే వైరు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"ఏం చెయ్యమంటారండీ టీచరుగారూ, మా తమ్ముడు రెండో యాంప్లిఫయరు పిఠాపురం పట్టుకుపోయాడండి, అక్కడేదో పనుందని. ఉన్నది ఒక్కటే. అందుకని మిషను ఇక్కడ గట్టు మీద పెట్టేసి, మీ మైకూ ఆళ్ళ మైకూ రెండూ దీంట్లోకే ఇచ్చేస్తన్నానండి. ఎవరి వంతొస్తే ఆళ్ళ సౌండు పెంచుతాను, రెండోది తగ్గించేస్తాను."

"బాకాలో?"

"బాకాలు రెండు చోట్లా మోగుతాయండి, తప్పదు. మీరు మాటాడింది ఆళ్ళకినపడుద్ది, ఆళ్ళు మాటాడింది మీకినపడుద్ది. పెద్దలకి చెప్పకండే, కొట్టుకు చస్తారు."

నేను చెప్పలేదు. అతను కాలువ గట్టు మీద బొంగు కర్రలు పాతి టార్పాలిన్ కట్టుకుని, దాని కింద మిషను పెట్టుకుని కూర్చున్నాడు. వేసవికి కాలువకి నీళ్ళు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. నీళ్ళు అడుక్కి దిగి, గుర్రపుడెక్క బురద మీద పరుచుకుని ఉంది. రెండు వైపులా దాళ్వా వరి కోతలు.

పన్నెండింటికి గంట కొట్టారు. మా వైపు మొదటి మాట ఒక పెద్దాయనది, సంఘ పెద్దల్లో పెద్ద. చీలిక నాడు అందరికన్నా ఎక్కువ అరిచింది ఆయనే. క్షమించమన్న మాట ఆయనదే కావడం దేవుడి పరిహాసం అనుకుంటాను. చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాడు. కీర్తన అయింది. రెండో మాట అయింది. మళ్ళీ కీర్తన ఎత్తుకున్నాం. అది మా చర్చిలో రెండో మాట తర్వాత ఏటేటా పాడే పాత కీర్తన, సాగదీసి పాడతారు.

రెండో చరణంలో నాకు ఏదో తేడా తెలిసింది. మేమున్నది కొద్దిమందిమి. చీలిక తర్వాత మా చర్చిలో పాట పలచగా ఉండేది. ఇప్పుడు నిండుగా ఉంది. చుట్టూ చూశాను, కొత్తగా ఎవరూ రాలేదు. పైన బాకాలోంచి వస్తోంది. వాళ్ళ వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోవలసిన అవతలివాళ్ళు, అలవాటైన కీర్తన వినపడేసరికి నోళ్ళు మూసుకోలేకపోయారు. వాళ్ళ మైకు తగ్గించి లేదు. పాట రెండు ఒడ్ల నుంచీ ఒకే బాకాల్లోకి వెళ్ళి రెండు ఒడ్ల మీదా పడుతోంది. మావాళ్ళు పాడుతూ పాడుతూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఆపలేదు.

కీర్తన అయిపోయింది. మా అయ్యగారు మూడో మాట చదవడానికి బైబిలు తెరిచారు. ఆయన కుర్రవాడు, జంగారెడ్డిగూడెం వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు, ఈ గొడవలేవీ ఆయన తెచ్చినవి కావు. ఆయన నోరు తెరిచేలోపల బాకాలోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆ దగ్గు నాకు తెలుసు.

"ప్రభువు పోయేముందు ఇల్లూ వాకిలీ గురించి చెప్పలేదండి," అంది అక్క. "అమ్మని ఎవరు చూస్తారో చెప్పాడు."

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. రెండో మాట తర్వాతి కీర్తన అవగానే లేచి నిలబడటం అక్కకి ఏళ్ళనాటి అలవాటు. పాట వినపడింది, ఆగింది, లేచింది, మైకు తీసుకుంది. వంతులూ, ఎస్సైగారూ, ఒంటిగంటన్నరా ఏవీ ఆమెకి గుర్తు లేవు. తను ఏ కప్పు కింద నిలబడి ఉందో కూడా గుర్తున్నట్టు లేదు. ఇంకెవరైనా అయితే గడియారం చూసుకునేవారు.

మా అయ్యగారు కంగారుగా సంఘ పెద్ద వంక చూశారు. ఎవర్నైనా గట్టు మీదికి పంపి మైకు ఆపించాలా అని ఆ చూపు. పెద్దాయన కళ్ళు మూసుకుని, కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

అక్క ఏటేటా చెప్పిందే చెప్పింది. సిలువ కింద ఉన్న ఆ తల్లికీ ఆ శిష్యుడికీ రక్తసంబంధం లేదంది. ఇద్దరూ ఒకే సిలువ కింద నిలబడ్డారు కాబట్టి ఒక ఇంటివాళ్ళయ్యారంది. మా అమ్మ, పురుడు జరిగిన ఏ ఇంటికైనా పిలవకుండానే కారప్పొడి పట్టుకెళ్ళేదని చెప్పింది. అప్పుడప్పుడూ ఆగి చెమట తుడుచుకుంటున్నట్టుంది, మైకులో చీర గరగర వినిపించింది. ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని, నా కాగితాలు సర్దుకుంటూ, ఆ మాటలు నేను ఒక్కసారైనా సరిగ్గా వినలేదు. ఆ రోజు కాలువ అవతల నుంచి విన్నాను.

ముగించింది. ముగించి, ఎప్పట్లాగే అంది.

"ఇప్పుడు నాలుగో మాట మా చెల్లి చెబుతుంది."

అక్కకి అప్పుడు తెలిసుంటుంది. మైకు పట్టుకుని చెయ్యి చాచి ఉంటుంది, పక్కన నేను లేను. బాకాలో సన్నటి హోరు మాత్రం వినపడుతోంది. అటు ఎవరూ కదల్లేదు, ఇటు ఎవరూ కదల్లేదు. నన్నే చూస్తున్నారు.

నేను లేచాను. మైకు తీసుకున్నాను. కాగితాలు కుర్చీలోనే ఉండిపోయాయి, తెచ్చుకోవడానికి కాళ్ళు వెనక్కి వెళ్ళలేదు. గొంతు బొంగురుపోయి ఉంది, రెండు రోజుల నుంచీ జలుబు. నాలుగో మాట ఒక ప్రశ్న అన్నాను. విడిచిపెట్టావేమని అడగడం. ఇన్నేళ్ళూ దానికి జవాబు చెప్పాను, నాకు జవాబు తెలియదు అన్నాను. మా నాన్న అడిగి కూర్చోమన్నారు అన్నాను. అడిగాను. కూర్చున్నాను. నా జన్మలో అంత చిన్న ప్రసంగం చెయ్యలేదు.

కీర్తన రెండు ఒడ్ల నుంచీ లేచింది. ఐదో మాట అవతల నుంచి వచ్చింది, ఆరోదీ అవతల నుంచే వచ్చింది. ఏడోది మా వైపు చెప్పారు. ఒంటిగంటన్నర ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. మూడింటికి రెండు చర్చిల గంటలూ కొట్టారు.

సౌండు ఎందుకు తగ్గించలేదని తర్వాత మైకు సెట్టు అతన్ని అడిగితే, "మర్చిపోయానండీ" అన్నాడు. వాడి మతిమరుపు నాకు కొత్త కాదు. అంతకుమించి అడగలేదు.

*

ఆరాధన అయ్యాక నేను గట్టు మీదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పనక్కర్లేదు. అతను వైరు చుట్టుకుంటున్నాడు. అవతలి గట్టు మీద అక్క గొడుగు వేసుకుని నిలబడి ఉంది. వెనకాల బావ, ఇంకా కొందరు. నా వెనకా మావాళ్ళు ఉన్నారు. కాలువ ఎంత వెడల్పని? పిలిస్తే పలికేంత. నేను పిలవలేదు.

అక్కే అరిచింది. "గొంతేంటే అలా ఉంది? మిరియాల పాలు తాగు!"

రెండేళ్ళ తర్వాత మా అక్క నాతో అన్న మొదటి మాట అది. నేను తలూపాను. బావ ఏదో అన్నాడు, అక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి పాలు కాచుకుని, మిరియాలు దంచి వేసుకుని, వంటింట్లో పీట మీద కూర్చుని తాగాను. తాగుతూ ఏడ్చాను. మిరియాలు ఎక్కువయ్యాయి కూడా.

ఊరు ఒకటవుతుందని మీరు అనుకుంటుంటే, కాలేదు. ఆదివారం వచ్చేసరికి ఎవరి ఒడ్డు వాళ్ళదే. ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు మాత్రం వంతెన దక్కింది. సాయంత్రాలు అక్క అటు నుంచి సగం దాకా వచ్చేది, నేను ఇటు నుంచి సగం దాకా వెళ్ళేదాన్ని. రెయిలింగుకి ఆనుకుని నిలబడేవాళ్ళం. బీపీ మాత్రల గురించీ, దొండపాదు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. చర్చి ఊసెత్తేవాళ్ళం కాదు. మా ఇంటికి రమ్మని ఆమె అనలేదు, రమ్మని నేనూ అనలేదు. రేపు అనొచ్చులే అనుకునేదాన్ని. సైకిలు వస్తే ఇద్దరం పక్కకి ఒత్తుకుని దారిచ్చేవాళ్ళం. అప్పుడు అక్క భుజం తగిలేది.

కార్తీకంలో చలి మొదలయ్యే రోజుల్లో అక్కకి ఛాతీలో నొప్పొచ్చింది. రాజమండ్రి తీసుకెళ్ళారు. నేను బస్సు దిగి ఆస్పత్రి వెతుక్కుంటూ వెళ్ళేసరికి, బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "వందనాలమ్మా" అన్నాడు. ఆ పాత పలకరింపు వినగానే నాకు తెలిసిపోయింది, అక్క లేదని.

మా ఊళ్ళో సమాధుల స్థలం మాత్రం ఒక్కటే, దాన్ని ఎలా పంచుకోవాలో ఎవరికీ తోచక అలాగే ఉండిపోయింది. అయ్యగార్లిద్దరూ వచ్చారు. ముందు ఎవరు ప్రార్థన చెయ్యాలో తేలక పెద్దలు చెట్టు కిందకి వెళ్ళి కాసేపు గుసగుసలాడారు. నాకు ఒళ్ళు మండింది. "మీరు తేల్చుకునేదాకా నేను చేస్తాను," అన్నాను. చేశాను. ఏమని చేశానో గుర్తు లేదు. అక్కని నాన్న పక్కనే పెట్టారు.

మళ్ళీ శ్రమకాలం వచ్చింది. గుడ్ ఫ్రైడేకి నాలుగు రోజుల ముందు మైకు సెట్టు అతను మా గుమ్మం ముందు బండి ఆపాడు.

"టీచరుగారండీ, ఈసారి యాంప్లిఫయర్లు రెండూ ఉన్నాయండి. వేరువేరుగా కట్టేద్దామని పెద్దల్ని అడిగానండి."

"ఏమన్నారు?"

"మీ పెద్దాయన, కిందటేడు ఎలా కట్టావో అలాగే కట్టు, ఆళ్ళకి చెప్పకు అన్నారండి. అవతలికెళ్తే మీ బావగారూ అదే మాటండి. మీకు చెప్పొద్దన్నారు."

ఆ శుక్రవారం మొదటి మాట అయింది. రెండో మాట అయింది. కీర్తన రెండు ఒడ్ల మీదా పాడారు. పాట ఆగింది. మూడో మాట ఇప్పుడు ఎవరిదో అవతలివాళ్ళు తేల్చుకోలేదట. అక్కకి కూతుళ్ళు లేరు. బాకాలో హోరు తప్ప ఏమీ లేదు. గొంతు సవరించుకోవడం వినపడుతుందేమోనని పిచ్చిదానిలా ఎదురుచూశాను. మా అయ్యగారు బైబిలు తెరవలేదు. అవతలి అయ్యగారూ మాట్లాడలేదు.

ఎవరూ నన్ను పిలవలేదు. లేచి మైకు తీసుకున్నాను. ప్రభువు పోయేముందు ఇల్లూ వాకిలీ గురించి చెప్పలేదండి, అమ్మని ఎవరు చూస్తారో చెప్పాడు అన్నాను. ఒకే సిలువ కింద నిలబడినవాళ్ళు ఒక ఇంటివాళ్ళయ్యారు అన్నాను. కారప్పొడి సంగతి చెప్పాను. అక్క ఎక్కడ ఆగేదో అక్కడ ఆగాను. మాట అయిపోయింది.

"ఇప్పుడు నాలుగో మాట మా చెల్లి చెబుతుంది," అన్నాను.

కుడిచేతిలో మైకు తడిసి ఉంది. దాన్ని ఎడమచేతిలోకి తీసుకున్నాను. తుడవలేదు.